దోమ ఎందుకు ఆగుతుంది?

(గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆదివారం సాయంత్రం డిగ్రీ విద్యార్థులు, చుట్టుపక్కల రైతులు కలిసి కూర్చున్న సభలో ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్ మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసినవి.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండమ్మా, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాన్ సౌండ్‌లో నా మాట వినపడకపోతే చెయ్యెత్తండి.

ఇవాళ్టి మాట వరి చేలో రసం పీల్చే సుడిదోమ గురించి, కానీ మీకందరికీ తెలిసిన చేపతో మొదలుపెడతాను. శీలావతి. చెరువుల వాళ్లు రోహు అంటారు. ఎదిగిన ఆడ చేప వానాకాలంలో, ఒంటి బరువు కిలోకి సుమారు 2 లక్షల గుడ్లు పెడుతుంది. మూడు కిలోల చేప అనుకోండి, 6 లక్షలు. అన్నీ బతికాయనుకుందాం, అందులో సగం ఆడవి, అంటే 3 లక్షలు. అవి కూడా ఎదిగి ఒక్కొక్కటీ 6 లక్షలు పెడితే 18,000 కోట్లు. ఒక్క తల్లి నుంచి, రెండో తరానికే. మూడో తరానికి ప్రకాశం బ్యారేజీ వెనక నీళ్లకి చోటుండదు, చేపలే ఉంటాయి.

అలా అవ్వలేదు కదా. ఏ నదిలోనైనా చేపల సంఖ్య ఏళ్ల తరబడి ఇంచుమించు ఒకేలా ఉందంటే దాని అర్థం ఏమిటో ఒక్క నిమిషం ఆలోచించండి. ఆ తల్లి బతుకంతా పెట్టిన లక్షల గుడ్లలో పెరిగి పెద్దయి మళ్లీ గుడ్లు పెట్టే దాకా వచ్చేవి సగటున రెండే. తల్లి స్థానంలో ఒకటి, తండ్రి స్థానంలో ఒకటి. మిగతావన్నీ ఏమయ్యాయి? ఎవరు తిన్నారు, ఎక్కడ పోయాయి, ఏ వయసులో పోయాయి? నేను ముప్పై ఏళ్లు పాఠం చెప్పింది చాలావరకు ఈ ప్రశ్న గురించే. పురుగు ఎక్కువైతే అందరూ "అయ్యో, ఇంత ఎందుకు పెరిగింది" అని అడుగుతారు. పెరగడం ప్రతి జీవికీ పుట్టుకతో వచ్చిన గుణం, దానికి కారణం వెతకక్కర్లేదు. మామూలు రోజుల్లో అది ఎందుకు పెరగడం లేదు, ఇన్నాళ్లూ దాన్ని పట్టుకుని ఉన్నది ఎవరు అని అడగాలి. అది అడిగితే మన చేలో జరిగేది అర్థమవుతుంది.

కొంచెం పుస్తకంలో సంగతి చెప్పి చేలోకి వెళ్దాం. డిగ్రీ పిల్లలకి ఇది సిలబస్‌లో ఉంటుంది. 1798లో మాల్థస్ అనే ఇంగ్లీషాయన జనాభా రెట్టింపులు రెట్టింపులుగా పెరుగుతుంది, తిండి అలా పెరగదు అని రాశాడు. ఆ మాటే డార్విన్‌కి దారి చూపించింది. 1838లో వెర్హుల్స్ట్ అనే బెల్జియం ఆయన దానికి ఒక సమీకరణం కట్టాడు. సమీకరణం చూసి టెన్షన్ పడొద్దు, అందులో ఉన్నది ఒక్కటే సంగతి: సంఖ్య పెరిగేకొద్దీ పెరుగుదలకి బ్రేకు బిగుసుకుంటూ ఉంటుంది. మొదట్లో కొద్ది జీవులే ఉంటాయి కాబట్టి నెమ్మదిగా మొదలవుతుంది, తర్వాత వేగం అందుకుంటుంది, ఆ చోటు మోయగలిగే సంఖ్యలో సగానికి వచ్చేసరికి అత్యంత వేగంగా ఉంటుంది, అక్కడి నుంచి తగ్గుతూ తగ్గుతూ ఒక చోట నిలబడుతుంది. బోర్డు మీద గీస్తే ఇంగ్లీషు ఎస్ అక్షరాన్ని వంచి సాగదీసినట్టుంటుంది.

మాస్కోలో గౌస్ అనే యువకుడు దీన్ని గాజు గొట్టాల్లో చేసి చూపించాడు. పారమీషియం, అదే, మైక్రోస్కోపులో చెప్పు అడుగు ఆకారంలో కనిపించే ఏకకణ జీవి. రోజూ కొలిచినట్టు ఒకే మోతాదు తిండి వేస్తే కొన్ని రోజులు జోరుగా పెరిగి, తర్వాత సంఖ్య నిలిచిపోయింది. అంతటితో ఆగకుండా, అదే గొట్టంలో పారమీషియాన్ని తినే ఇంకో జీవిని వదిలాడు. అది ఒక్కటి కూడా మిగల్చకుండా తినేసింది, ఆ తర్వాత తిండి లేక అదీ చచ్చింది. గొట్టం ఖాళీ. రెండోసారి గొట్టం అడుగున కాస్త మడ్డి ఉంచాడు. కొన్ని పారమీషియాలు ఆ మడ్డిలో దాక్కున్నాయి, వేటాడేది ఆకలితో పోయింది, దాక్కున్నవి మళ్లీ పెరిగాయి. మూడోసారి మూడు రోజులకొకసారి రెండింటినీ కాసిన్ని బయటి నుంచి తెచ్చి కలుపుతూ పోయాడు. అప్పుడు రెండూ మిగిలాయి, ఒకటి పెరిగితే ఒకటి తగ్గుతూ. 1934 నాటి ప్రయోగాలు ఇవి. దాక్కునే చోటు, బయటి నుంచి రాకపోకలు, ఈ రెండూ గుర్తుపెట్టుకోండి, చేలో మళ్లీ కనపడతాయి.

ఇంకొక్క తేడా చెప్పాలి. మిరప చేలో పేనుబంక ఉంది. గట్టి వాన కొట్టింది, చాలావరకు కడుక్కుపోయింది. ఆ వాన, చేలో వంద ఉన్నా లక్ష ఉన్నా ఒకేలా కొడుతుంది. పురుగు ఎంత ఉందో వానకి తెలియదు. ఇప్పుడు పచ్చపురుగు తీసుకోండి, శనగపచ్చ పురుగు. దానికి ఒక వైరస్ తెగులు వస్తుంది, మీలో చాలామంది చూసే ఉంటారు, పురుగు మొక్క చివరికి పాకి తలకిందులుగా వేలాడి చస్తుంది, ముట్టుకుంటే ఒళ్లంతా నీరై కారుతుంది. ఆ కారిన నీటిలో కోట్ల వైరస్ కణాలు ఉంటాయి, కింది ఆకుల మీద పడతాయి, ఆ ఆకు తిన్న పురుగుకి అంటుకుంటుంది. పురుగు పలచగా ఉంటే ఆ తెగులు పాకదు. దట్టంగా ఉంటే ఊడ్చేస్తుంది. సంఖ్యని చూసి బిగిసే బ్రేకు అంటే ఇదే. తిండి కొరత, తెగుళ్లు, తినే శత్రువులు, చోటు కోసం కొట్లాట, ఇవి ఈ రకం. సంఖ్యని ఒక హద్దులో నిలబెట్టగలిగేవి ఇవే. వాన, ఎండ, తుఫాను సంఖ్యని తగ్గిస్తాయి, కానీ నిలబెట్టవు.

సరే, చేలోకి వెళ్దాం.

1980ల సంగతి. నేను డిగ్రీ చదువుతున్నాను. మాకు తెనాలి దగ్గర రెండెకరాల మాగాణి ఉండేది. ఆ ఏడు సార్వాలో నాన్న యూరియా ఒక దఫా ఎక్కువ వేశారు. చేను నల్లగా, గుబురుగా ఉండేది, దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. నాటిన నెలకి ఆకుముడత కనిపించింది. మందుల షాపులో కొత్తగా వచ్చిన మందు ఇచ్చారు, కొట్టాం. ఆకుముడత పోయింది. నాన్న చాలా సంతోషపడ్డారు. ఇంకో పదిహేను రోజులకి మళ్లీ కొట్టాం, ముందు జాగ్రత్తగా. పక్క చేను బాబాయ్‌కి ఆ ఏడు చేతిలో డబ్బుల్లేక కొట్టలేదు.

చేను ఈనింది. ఒకరోజు మధ్యలో బండి చక్రమంత మేర ఎండిపోయి కనిపించింది. నాలుగో రోజుకి కళ్లమంత అయింది. అలాంటివి ఇంకో మూడు వచ్చాయి. దోమపోటు, అంటే సుడిదోమ రసం పీల్చేసి పైరు ఎండిపోవడం. పది రోజుల్లో సగానికి పైగా చేను ఎండుగడ్డి రంగుకి తిరిగింది, గింజ పాలు పోసుకునే టైములో. నాన్న గట్టు మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నారు, ఎవరు పిలిచినా పలకలేదు. నాకు ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

నేను నీళ్లలోకి దిగి ఒక దుబ్బుని వంచి, మొదట్లో అరచేత్తో గట్టిగా తట్టాను. నీటి మీద గోధుమరంగు పొట్టు చల్లినట్టు పడ్డాయి. ఆ పొట్టు కదులుతోంది. లెక్కపెట్టడం మొదలుపెట్టి వంద దాటాక మానేశాను. వాటిలో చాలావాటికి రెక్కలు పొట్టిగా, సగం ఒళ్లు కూడా కప్పనంత చిన్నవి. ఇంకేమీ పడలేదు. తర్వాత గట్టు దాటి బాబాయ్ చేలో అలాగే తట్టాను. ఏడో ఎనిమిదో దోమలు పడ్డాయి. పడ్డాయో లేదో, ఒక సాలీడు నీటి మీద పరుగెత్తుకొచ్చి ఒకదాన్ని నోట కరచుకుని మళ్లీ దుబ్బులోకి వెళ్లిపోయింది. ఆకుపచ్చగా, నాజూగ్గా ఉండే పురుగులు నాలుగైదు పడ్డాయి, అవేమిటో అప్పుడు నాకు తెలియదు. మిరిడ్ నల్లులని తర్వాత తెలిసింది. బాబాయ్ చేలో కూడా మా గట్టు వైపు కొంత మేర దెబ్బ తగిలింది, అస్సలు తగల్లేదని చెప్పను, కానీ ఆయన కోత కోసుకున్నాడు.

ఏం జరిగిందో తర్వాత చదువుకుంటే అర్థమైంది. సుడిదోమ ఆడది సుమారు 200 గుడ్లు పెడుతుంది. సగం ఆడవి అనుకుంటే నెలకొక తరం చొప్పున ఒకటి వందవుతుంది, వంద పదివేలవుతుంది, మూడో తరానికి పది లక్షలు. ఒక్క పైరులో మూడు తరాలకి టైము ఉంది. మరి ప్రతి ఏడూ ప్రతి చేనూ ఎందుకు ఎండిపోవడం లేదంటే ఆ నీటి మీద పరుగెత్తే సాలీడు రోజుకి ఐదు నుంచి పదిహేను దాకా తింటుంది, మిరిడ్ నల్లి గుడ్డులోకి ముక్కు దూర్చి పీల్చేస్తుంది, గుడ్లలో గుడ్లు పెట్టే కంటికి కనపడనంత చిన్న కందిరీగలు ఉన్నాయి. మేం కొట్టిన మందు వీళ్లని చంపింది. దోమల్ని కూడా చంపింది, కానీ దోమ గుడ్లు ఆకు తొడుగు లోపల, కండలోకి చీల్చి పెట్టినవి, మందు వాటికి తగలదు. వారం పది రోజుల్లో అవి పొదిగాయి. పొదిగి బయటికొచ్చేసరికి తినేవాడు లేడు, పైగా యూరియా తిన్న పైరు, దోమకి మంచి బలం. అంటే మేము చేనుకి మందు వేశామనుకున్నాం, నిజానికి దోమకి శత్రుశేషం లేకుండా చేసి పెట్టాం.

ఆ పొట్టి రెక్కల సంగతి కూడా చెప్పాలి, నాకు చాలా ఇష్టమైన విషయం. తిండి బాగున్నప్పుడు, ఎడంగా ఉన్నప్పుడు ఈ దోమలో ఎగరలేని పొట్టి రెక్కలవి ఎక్కువగా తయారవుతాయి. అవి ఎగరడానికి బలం ఖర్చు పెట్టవు, అంతా గుడ్లకే. ఇరుకై, మొక్క ఎండటం మొదలయ్యాక పెరిగే పిల్లలు పొడుగు రెక్కలతో తయారవుతాయి, లేచి వేరే చేలకి పోతాయి. ఇరుకు ఎంత ఉందో దాని ఒంటికే తెలుస్తుందన్నమాట. అందుకే చేలో పొట్టి రెక్కలవి ఎక్కువగా కనపడుతున్నాయంటే అవి అక్కడే కాపురం పెట్టాయని, పెరుగుదల జోరు మీద ఉందని అర్థం.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. నాట్లు వేసిన కొత్తలో దోమ ఉండదు. మరి అప్పుడు సాలీడు ఏం తిని బతుకుతుంది? ఇండోనేషియాలో జావా దీవిలో దీన్ని కూర్చుని ఓపికగా చూశారు. బురదలో కుళ్లే ఆకూ అలమూ, పశువుల ఎరువూ తిని పెరిగే సన్న ఈగలూ, చిన్న పురుగులూ ఉంటాయి, పైరుకి ఏ హానీ చెయ్యవు. మొదటి నెలలో సాలీళ్లు వాటి మీద బతికి, పిల్లల్ని పెట్టి, దోమ వచ్చేసరికి సిద్ధంగా ఉంటాయి. అందుకే మొదటి నలభై రోజుల్లో కొట్టే మందు అన్నిటికన్నా ఎక్కువ చెరుపు చేస్తుంది. మేం చేసింది సరిగ్గా అదే.

ఆ దేశంలో 1986లో ప్రభుత్వం ఒక్క ఉత్తర్వుతో వరిలో 57 రకాల మందుల్ని నిషేధించింది. అప్పటికి దోమపోటుతో వాళ్లు అల్లాడిపోతున్నారు. మందుల మీద ఇచ్చే సబ్సిడీ కూడా తర్వాత తీసేశారు. మందుల వాడకం బాగా పడిపోయింది, ధాన్యం దిగుబడి పడిపోలేదు. మన జిల్లాలో అదే కాలంలో పత్తిలో తెల్లదోమ వచ్చింది. పచ్చపురుగు కోసం పైరెత్రాయిడ్లు అనే రకం పురుగుమందులు కొట్టేకొద్దీ తెల్లదోమ చెలరేగింది, పచ్చపురుగేమో ఆ మందులకి అలవాటు పడిపోయింది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు ఎంతమంది ప్రాణాలు తీసుకున్నారో ఇక్కడున్న పెద్దవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అప్పులూ ఉన్నాయి, ధరలూ ఉన్నాయి, అన్నీ కలిసే చంపాయి. కానీ చేలో ఏం జరిగిందో అప్పుడు వాళ్లకి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

శత్రువే లేని చోట ఏమవుతుందో ఇంకో ఉదాహరణ. అలాస్కా దగ్గర సెయింట్ మాథ్యూ అని మనుషులుండని దీవి. 1944లో అమెరికా కోస్ట్‌గార్డ్ వాళ్లు 29 రెయిన్‌డీర్లని, అంటే మంచు ప్రాంతపు జింకల్ని, అక్కడ వదిలారు. తోడేలు లేదు, ఏదీ లేదు. నేలంతా మెత్తగా లైకెన్, అంటే నాచులాగా పెరిగేది, పరుచుకుని ఉంది. డేవిడ్ క్లైన్ అనే శాస్త్రవేత్త 1957లో వెళ్లి చూస్తే 1,350 ఉన్నాయి, బాగా బలిసి ఉన్నాయి. 1963లో వెళ్తే 6,000. కానీ ఒక్కొక్క జింక బరువు తగ్గింది. లైకెన్ అరిగిపోయింది. అది గడ్డిలాగా నెలకి మళ్లీ మొలిచేది కాదు, ఏళ్లూ పూళ్లూ పడుతుంది. ఆ వచ్చిన చలికాలం మంచు మామూలు కన్నా బాగా ఎక్కువ పడింది. 1966లో మళ్లీ వెళ్లేసరికి 42 మిగిలాయి, అందులో మగది ఒక్కటే, అదీ సంతానం కలిగేలా లేదు. కొన్నేళ్లకి ఒక్కటీ లేకుండా పోయాయి. ఇందాకటి బ్రేకు ఇక్కడ లేక కాదు, ఆలస్యంగా పడింది. తిండి అయిపోయాక పడే బ్రేకు అలాగే ఉంటుంది. శత్రువు వేసే బ్రేకు ముందుగా, కొద్దికొద్దిగా పడుతుంది.

మన విజయవాడ కాలువల్లో గుర్రపుడెక్క చూస్తున్నారు కదా, బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ. దాని పుట్టిల్లు అమెజాన్. అక్కడ దాన్ని తినే ముక్కుపురుగులు ఉన్నాయి. మొక్క ఒక్కటే మన దేశం వచ్చింది, పురుగు రాలేదు. పైగా మురుగు నీళ్లలో దానికి కావలసినంత ఎరువు. 1980లలో ఆ ముక్కుపురుగుల్ని మన దేశానికి తెప్పించి వదిలారు, బెంగళూరు చెరువుల్లో బాగా పనిచేశాయి. నాగజెముడు కథ కూడా ఇదే, అమెరికా ఖండం నుంచి వచ్చి దక్షిణాదిలో బీళ్లన్నీ ఆక్రమించేస్తే 1926లో శ్రీలంక నుంచి దాన్ని పీల్చే పిండిపురుగుని తెచ్చారు, చాలా చోట్ల జెముడు కూలిపోయింది. 2021లో మిర్చి పూతలో వచ్చిన నల్ల తామర పురుగు కూడా పరాయిదే, ఆగ్నేయాసియాది. పై ముడత తెచ్చే మన పాత తామర పురుగు ఆకుల్లో ఉండేది, ఇది పూలలోకి దూరింది, పూత మొత్తం రాలింది. ఎంత ఖరీదైన మందు కొట్టినా ఆగలేదని ఏడ్చిన రైతులు ఈ హాల్లోనే ఉన్నారు.

(ఇక్కడ కొన్ని ప్రశ్నలు వచ్చాయి.)

ఈ అమ్మాయి అడుగుతోంది, మనుషుల సంగతేమిటి సార్ అని. మంచి ప్రశ్న తల్లీ. 2022 నవంబరులో ప్రపంచ జనాభా 800 కోట్లు దాటింది. కానీ జింకల లెక్క మనకి నేరుగా వేయకూడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. అంటే మనం ఇప్పటికే తక్కువ కంటున్నాం. ఆకలి వల్లో రోగం వల్లో కాదు. పుట్టిన బిడ్డ బతుకుతుందన్న ధైర్యం వచ్చింది, ఆడపిల్లలు నీలాగా చదువుకుంటున్నారు, ఎంతమందిని కనాలో ఇంట్లో మాట్లాడుకుంటున్నారు. బ్రేకు తన చేతిలో ఉన్న జీవి ఇంకోటి నాకు తెలియదు.

అన్నయ్య గారు అడిగింది అందరికీ వినపడిందా? అయితే మందే కొట్టొద్దంటారా అని. అలా అనను. మా నాన్న కూర్చున్న గట్టు మీద నేనూ నిలబడ్డాను. కొట్టే ముందు లెక్కపెట్టండి అంటాను. చేను మధ్యలోకి దిగండి, గట్టు మీద నుంచి చూస్తే దోమ కనపడదు, అది మొదట్లో, నీళ్లకి కాస్త పైన ఉంటుంది. పది పదిహేను చోట్ల దుబ్బు వంచి తట్టండి. దోమలు ఎన్ని, సాలీళ్లు ఎన్ని, మిరిడ్ నల్లులు ఎన్ని, మూడూ చీటీ మీద రాయండి. వారానికోసారి రాస్తే పెరుగుతోందో తగ్గుతోందో మీకే తెలుస్తుంది. నాటేటప్పుడే ప్రతి రెండు మీటర్లకీ ఇరవై సెంటీమీటర్ల కాలిబాట వదలండి, గాలీ వెలుతురూ మొదట్లోకి వెళ్తాయి. యూరియా ఒకేసారి గుమ్మరించకండి. దోమ పెరుగుతోందనిపిస్తే నీళ్లు తీసి మడి ఆరబెట్టండి. గట్ల మీద గడ్డి మొత్తం మందు కొట్టి మాడ్చకండి, కోతలయ్యాక సాలీళ్లు తలదాచుకునేది అందులోనే, గౌస్ గొట్టంలో మడ్డిలాగా. ఇంత చేసినా దోమ హద్దు దాటిపోతే అప్పుడు కొట్టాలి, దోమ మీదే పనిచేసే మందు, మొదళ్లకి తగిలేలా. పైరెత్రాయిడ్లు మాత్రం వరి దగ్గరికి రానివ్వకండి.

చీటీ ఎలా రాయాలో చూపించమంటున్నారు కదా, చూపిస్తాను. వచ్చే ఆదివారం మా బాబాయ్ చేనుకే వెళ్దాం, ఇప్పుడు వాళ్లబ్బాయి చేస్తున్నాడు, అడిగాను, రమ్మన్నాడు. ప్యాంటు మడుచుకోవడానికి వీలుగా వేసుకురండి, ఒక తెల్ల పళ్లెం తెచ్చుకుంటే తట్టినవి అందులో పడతాయి, లెక్క సులువు. పొద్దున్నే వెళ్తే గట్టు గడ్డి మీద సాలెగూళ్లు మంచుకి తెల్లగా కనపడతాయి, ఎండెక్కితే కనపడవు. ఆరున్నరకల్లా తెనాలి బస్టాండుకి వచ్చేయండి.